మూడో డిస్క్ అంటే ఏది?

వాసూ,

శనివారం ఆరు డిస్కులతో సర్వర్‌లో రెయిడ్ కడతానన్న నీ మెయిల్ చదివాను. అంతా బాగానే రాశావు గానీ, చివర్లో ‘స్టోర్‌సీఎల్‌ఐ అడ్డం చెబితే కమాండ్ పక్కన ఫోర్స్ పెట్టేస్తా పెద్దమ్మా’ అన్నావు చూడు, అక్కడ నా గుండె గుభేలుమంది. మీ అమ్మకు చెప్పలేదులే. చెబితే నీకు ఫోన్ చేసి, డిస్కుల సంగతి మధ్యలోనే వదిలేసి పెళ్లి సంబంధాల దాకా వెళ్తుంది.

ఒరేయ్, రెయిడ్ కంట్రోలర్‌కి పని చెప్పే ఆ స్టోర్‌సీఎల్‌ఐ ఊరికే అడ్డం చెప్పదురా. వర్చువల్ డ్రైవ్‌ని డిలీట్ చెయ్యమంటే, దాని మీద ఆపరేటింగ్ సిస్టమో ఫైల్ సిస్టమో కనిపించినప్పుడు ఒప్పుకోదు. అంటే అక్కడ ఎవరిదో డేటా ఉందని. ఒక్క డ్రైవ్ కోసం వీ0 అని కొట్టాల్సిన చోట వీఆల్ అని కొట్టి, పక్కన ఫోర్స్ కూడా తగిలించావంటే ఆ కంట్రోలర్ మీద ఉన్నవన్నీ పోతాయి. ఆరు డిస్కుల్లో రెండు పాత సర్వర్ నుంచి తీసినవన్నావు కదా, వాటి విషయంలో మరీ జాగ్రత్త. లిస్టులో డీజీ అన్న గడి కింద ఎఫ్ అని కనిపిస్తే అది ఫారిన్, అంటే వేరే చోట కట్టిన యారే (డిస్కుల గుంపు) గుర్తులు ఇంకా దాని మీద ఉన్నాయని. ముందు ‘ఫాల్ షో’ కొట్టి చూడు. ఆ పాత డేటా ఎవరికీ అక్కర్లేదని మీ మేనేజర్ చేత మెయిల్‌లో రాయించుకో. నోటిమాట చాలదు. ఆ తర్వాతే ‘ఫాల్ డెల్’.

ఏ లెవెల్ పెట్టాలని అడిగావు. 8 టీబీవి ఆరు. రెయిడ్ 5 అయితే 40 టీబీ చేతికొస్తుంది, 6 అయితే 32, 10 అయితే 24. నువ్వు 40 చూసి ఆశపడుతున్నావని నాకు తెలుసు. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఆ పేపర్ రాసినప్పుడు అందులో ఉన్నవి 1 నుంచి 5 దాకానే. ఆరు తర్వాత వచ్చింది. ఇప్పుడు ఒక డిస్క్ పోతే, రీబిల్డ్‌కి మిగతా అయిదూ మొదటి నుంచి చివరి దాకా చదవాలి, అంటే 40 టీబీ. మామూలు డిస్కులకు 10కి 14వ ఘాతం బిట్లు చదివితే ఒక చోట చదవలేకపోవచ్చని తయారీదార్లే రాస్తారు. అది సుమారు 12.5 టీబీ. సర్వర్ డిస్కులు ఇంతకంటే నయమే, అయినా ఆ రీబిల్డ్ నడిచినంతసేపూ రెయిడ్ 5కి వెనక ఇంకో ఆసరా లేదు. 6 పెట్టు. డేటాబేస్ రాతలు ఎక్కువైతే 10 పెట్టు. రాతల్ని ముందు కాష్‌లో ఉంచే రైట్ బ్యాక్ పెట్టుకో గానీ ‘ఏడబ్ల్యూబీ’ జోలికి పోకు. బ్యాటరీ చచ్చినా కాష్‌లోనే రాసుకుంటూ పోతుంది, కరెంటు పోయిందా అంతే సంగతులు.

తిన్నావా అసలు? నైట్ షిఫ్ట్ అని బిస్కెట్లతో సరిపెట్టకు.

ఇదంతా ఒక ఎత్తు, నేను చెప్పాలనుకున్నది ఒక ఎత్తు. చాలా సర్వర్లలో స్లాట్ నంబర్ సున్నాతో మొదలవుతుంది. తెలుసంటావు. మా రోజుల్లో అందరికీ తెలుసు! విజయవాడలో మా కంప్యూటర్ గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లేవాళ్లం, గుడికి వెళ్లినట్టు. మే నెల ఎండలో స్వెట్టర్ పట్టుకుని ఆఫీసుకు పోతుంటే మీ తాతయ్య నవ్వేవారు. టీ కుర్రాడికి లోపలికి ప్రవేశం లేదు, గ్లాసులు గుమ్మం అవతలే. అక్కడ ఓ రాత్రి రెయిడ్ 5లో ఒక డిస్క్ పోయింది. కంట్రోలర్ స్లాట్ 3 అని చూపిస్తోంది. బాగుచెయ్యడానికి బయటి నుంచి వచ్చిన ఇంజినీరు, పెద్దాయన, ఎడమ నుంచి ఒకటీ రెండూ మూడూ అని వేలితో లెక్కపెట్టి మూడోదాన్ని లాగేశాడు. అది స్లాట్ 2. బంగారంలాంటి డిస్క్. దాంతో యారే మొత్తం పడుకుంది. తెల్లారేదాకా టేపుల నుంచి రీస్టోర్ చేస్తూనే ఉన్నాం. ఆయన మాత్రం పొద్దున్నే ఇడ్లీ తిని బస్సెక్కాడు.

అందుకని, యారే కట్టకముందే ఒక కాగితం తీసుకో. ఎన్‌క్లోజర్ నంబర్, స్లాట్ నంబర్, డిస్క్ సీరియల్ నంబర్ మూడు వరసల్లో రాయి. సీరియల్ డిస్క్ మీది స్టిక్కర్ చూసి రాసి, పెట్టాక స్క్రీన్ మీద సరిచూడు. పెట్టాక స్టిక్కర్ కనబడదు, కాబట్టి రాసుకోవడం పెట్టేముందే. తర్వాత ఒక్కో డిస్క్‌కీ ‘స్లాష్ సీ0 స్లాష్ ఈ252 స్లాష్ ఎస్3 స్టార్ట్ లొకేట్’ అని కొట్టు. నీ ఎన్‌క్లోజర్ నంబర్ 252 కాకపోవచ్చు, లిస్టులో చూసుకో. ఏ దీపం మిణుకుమంటుందో లేచి వెళ్లి చూసి, కాగితం మీద టిక్ పెట్టు. స్టాప్ లొకేట్ కొట్టి పక్కదానికి పో. ఆరుసార్లూ లేవాలి. ఇంకో కుర్రాణ్ణి ర్యాక్ దగ్గర నిలబెట్టి ‘వెలిగిందా’ అని అరవకు. వాడు ఫోన్ చూస్తూ ‘ఆఁ’ అంటాడు. కాగితాన్ని సర్వర్ తలుపు లోపలి వైపు అంటించు. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో. డిస్క్ మార్చినప్పుడల్లా కొత్త కాగితం, కింద తేదీ. స్ప్రెడ్‌షీట్‌లో పెడతానంటావు, అది ఆ సర్వర్‌లోనే ఉంటుంది కదరా!

నవ్వుకుంటున్నావని తెలుసు. నవ్వుకో. చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో విప్పి స్క్రూలు వరసగా కాగితం మీద పెట్టినవాడివి నువ్వే, నీకు కొత్తగా ఏం నేర్పక్కర్లేదు.

శనివారం మొదలుపెట్టేముందు ‘షో ఆల్’ అవుట్‌పుట్ నాకు పంపు. ఎంత రాత్రయినా చూస్తాను. ఆ ఫోర్స్ లేకుండా రాసిన కమాండ్ కూడా. మీ అమ్మతో ఆవకాయ పంపాను, తడి గరిటె పెట్టకు.

ప్రేమతో,
పెద్దమ్మ