రాష్ట్ర న్యాయవాది ఎవరి పక్షం?

మన రాజ్యాంగంలోని 165వ అధికరణం ప్రకారం ప్రతి రాష్ట్రానికి ఒక అడ్వొకేట్ జనరల్ ఉంటారు. వారిని గవర్నరు నియమిస్తారు. గవర్నరు ఆమోదం ఉన్నంతకాలమే ఆ పదవి. రాష్ట్ర ప్రభుత్వానికి న్యాయ సలహాలివ్వడం, హైకోర్టులో ప్రభుత్వ పక్షాన వాదించడం వారి ముఖ్య విధులు. శాసనసభలో ప్రసంగించే హక్కు ఉన్నది గాని ఓటు హక్కు లేదు. నెల్లూరు ప్రాంతంలోని పుదూరులో జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929 నుండి 1944 వరకు మద్రాసులో ఈ పదవిని నిర్వహించి, తరువాత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులైనారు.

ప్రభుత్వం మారినప్పుడు అడ్వొకేట్ జనరల్ కూడా మారడం మనకు పరిచితమైన విషయమే. కక్షిదారు ప్రభుత్వమైనప్పుడు తన న్యాయవాదిని తానే ఎన్నుకోవడంలో వింత లేదు. అయితే ప్రభుత్వ వైఖరి అన్యాయమైనదని ఆ న్యాయవాదికే తోచిన నాడు అతని కర్తవ్యమేమిటి? ఆ పదవికి ఉన్నది ప్రభుత్వమనే ఒక్క కక్షిదారేనా, లేక ప్రజలు కూడానా? ఈ ప్రశ్న అమెరికా రాష్ట్రాలలో తరచుగా తలెత్తింది. అక్కడ ఈ పదవిని అటార్నీ జనరల్ అంటారు. మన దేశంలో ఆ పేరు కేంద్ర ప్రభుత్వ న్యాయవాదికి చెందినది కనుక విద్యార్థులు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి.

ఈ పదవికి మూలం ఇంగ్లండులో ఉన్నది. రాజు తన న్యాయస్థానంలో తానే నిలబడి వాదించుకోలేడు. అందుచేత ఆయన బదులు మాట్లాడడానికి ఒక న్యాయవాది అవసరమైనాడు. వలసపాలనతో పాటు ఆ సంప్రదాయం 17వ శతాబ్దంలో అమెరికాకు చేరింది. స్వాతంత్ర్య సమరం ముగిసేసరికి రాజు పోయాడు, రాజు న్యాయవాది మాత్రం మిగిలాడు. అతడు ఇకపై ఎవరి పక్షాన మాట్లాడాలి? 19వ శతాబ్దంలో అనేక రాష్ట్రాలు ఆ న్యాయవాదిని ప్రజలే ఎన్నుకోవాలని నిర్ణయించి ఈ ప్రశ్నకు తమ సమాధానం చెప్పాయి. నేడు 50 రాష్ట్రాలలో 43 చోట్ల అటార్నీ జనరల్ ప్రజల ఓటుతోనే ఎన్నికవుతారు. అయిదు రాష్ట్రాలలో గవర్నరు నియమిస్తారు. మేయిన్‌లో శాసనసభ, టెన్నెసీలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఎంపిక చేస్తాయి. అక్కడి గవర్నరు మన గవర్నరు వంటివాడు కాదు. అతడు మన ముఖ్యమంత్రి వలె రాష్ట్ర పాలన నడిపేవాడు. అందువల్ల గవర్నరు ఒక పార్టీవాడు, అటార్నీ జనరల్ మరొక పార్టీవాడు కావడం అక్కడ అరుదు కాదు.

ఇక 1961 నాటి ఒక చిన్న నేరారోపణను చూద్దాం. ఫ్లోరిడా రాష్ట్రంలోని పనామా సిటీలో బిలియర్డ్స్ ఆడుకొనే ఒక శాలలో దొంగతనం జరిగింది. పోయినవి కొంత చిల్లర, కొంత మద్యం. ఆ నేరం క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే నిరుపేదపై మోపారు. తనకు న్యాయవాదిని నియమించవలసిందిగా అతడు న్యాయాధిపతిని కోరాడు. మరణశిక్ష పడగల నేరాలలో తప్ప ఆ సౌకర్యం ఫ్లోరిడా చట్టంలో లేదని న్యాయాధిపతి నిరాకరించాడు. గిడియన్ తన కేసును తానే వాదించుకొని ఓడిపోయాడు. అయిదేళ్ల జైలుశిక్ష పడింది. చెరసాలలో గీతల కాగితాలపై పెన్సిలుతో రాసిన విన్నపాన్ని అతడు అమెరికా సుప్రీంకోర్టుకు పంపాడు. 1962లో కోర్టు దానిని విచారణకు స్వీకరించి, అతని పక్షాన వాదించడానికి ఏబ్ ఫోర్టస్ అనే ప్రసిద్ధ న్యాయవాదిని నియమించింది.

ఫ్లోరిడా పక్షాన నిలవవలసింది ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం. పేదలందరికీ న్యాయవాదిని సమకూర్చవలసిన అవసరం రాష్ట్రాలకు లేదని 1942లో సుప్రీంకోర్టే తీర్పు ఇచ్చి ఉన్నది. ఆ తీర్పు నిలవాలని ఫ్లోరిడా కోరింది. బ్రూస్ జాకబ్ అనే యువ న్యాయవాది తన కార్యాలయం తరపున ఇతర రాష్ట్రాల అటార్నీ జనరళ్లకు లేఖలు రాసి, తమకు మద్దతుగా కోర్టుకు అభిప్రాయ పత్రాలు సమర్పించవలసిందిగా కోరాడు. రాష్ట్రాల అధికారాలను కేంద్ర న్యాయస్థానం తగ్గించబోతున్నదంటే తోటి రాష్ట్రాలు సహాయానికి వస్తాయని ఆశించడం అసహజమేమీ కాదు.

ఆ లేఖ మిన్నెసోటా రాష్ట్రానికి చేరింది. అక్కడి అటార్నీ జనరల్ వాల్టర్ మాండేల్. ఆయన 1960లో, 32 ఏళ్ల ప్రాయంలోనే, ఆ పదవి చేపట్టారు. తరువాతి కాలంలో, 1977లో, ఆయన అమెరికా ఉపాధ్యక్షులైనారు. రాష్ట్రాల హక్కులను తాను గౌరవిస్తానని చెబుతూనే, తీవ్రమైన నేరారోపణను ఎదుర్కొనే పేదవానికి న్యాయవాది ఉండి తీరాలన్నది తన అభిప్రాయమని ఆయన ఫ్లోరిడాకు జవాబు రాశారు. అంతటితో ఆగలేదు. మసాచుసెట్స్ అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ మెకార్మాక్‌తో కలిసి ఇతరులనూ కూడగట్టారు. చివరకు 22 రాష్ట్రాల అటార్నీ జనరళ్లు గిడియన్ పక్షాన అభిప్రాయ పత్రం సమర్పించారు. ఫ్లోరిడాకు తోడుగా నిలిచినవి అలబామా, ఉత్తర కరోలినా, రెండే. సహాయం కోరుతూ రాసిన లేఖే ప్రత్యర్థులను ఏకం చేసింది!

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. నిందితులకు శిక్షలు పడిన తరువాత ఆ శిక్షలను అప్పీళ్లలో సమర్థించడం అటార్నీ జనరళ్ల నిత్యకృత్యం. ఖైదీ గెలిస్తే రేపు తమ రాష్ట్రాలలోనూ పాత కేసులు తిరగబడతాయి, ఖర్చు పెరుగుతుంది. ఇది తెలిసీ ఆ 22 మంది సంతకాలు చేశారు. వారిని ఫ్లోరిడాకు ద్రోహం చేసినవారని అనుకోవడం తగదు. న్యాయవాది లేని విచారణలో రాష్ట్రం గెలుపొందితే అది తమ కక్షిదారు గెలుపు కాదని వారు భావించారు. 1963 మార్చి 18న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంతో గిడియన్‌కు అనుకూలంగా తీర్పు చెప్పారు. అదే సంవత్సరం ఆగస్టులో, ఈసారి న్యాయవాది సహాయంతో జరిగిన పునర్విచారణలో, జ్యూరీ అతడు నిర్దోషి అని తేల్చింది.

ఎన్నికైన న్యాయవాది అంటే రాజకీయాలు తప్పవు. ‘ఏ.జి.’ అంటే అటార్నీ జనరల్ కాదు, ‘ఆస్పైరింగ్ గవర్నర్’ అని, అనగా గవర్నరు పదవికి ఆశపడేవాడని, అమెరికాలో ఒక పరిహాసం ఉన్నది. అందులో నిజం లేకపోలేదు. బిల్ క్లింటన్ అర్కాన్సా అటార్నీ జనరల్‌గా ఉండి గవర్నరై, తరువాత దేశాధ్యక్షులైనారు. వార్తలకెక్కడానికే దావాలు వేస్తారన్న విమర్శను కూడా కొట్టివేయలేము.

అయినప్పటికీ ఆ స్వాతంత్ర్యం లేకుంటే మిసిసిపీలో జరిగినది జరిగేది కాదు. ధూమపానం వల్ల రోగగ్రస్తులైన పేదల వైద్యానికి రాష్ట్ర ఖజానా భరించిన ఖర్చును సిగరెట్టు కంపెనీలే చెల్లించాలని అటార్నీ జనరల్ మైక్ మూర్ 1994 మేలో దావా వేశారు. అంతకుముందు పొగత్రాగేవారు వేసిన దావాలలో, తెలిసి త్రాగినవారిదే తప్పని కంపెనీలు వాదించి గెలుస్తూ వచ్చాయి. కాని రాష్ట్రం సిగరెట్టు త్రాగలేదు, బిల్లులు మాత్రం చెల్లించింది. ఈ వాదనకు ఎదురుదెబ్బ కంపెనీల నుండే గాక సొంత గవర్నరు నుండి కూడా వచ్చింది. గవర్నరు కర్క్ ఫోర్డైస్ ఆ దావాను ఆపించవలసిందిగా 1996లో తన రాష్ట్ర అటార్నీ జనరల్‌పైనే రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1997లో ఆ కోర్టు గవర్నరు పిటిషనును తోసిపుచ్చింది. ఆ జూలైలోనే కంపెనీలు మిసిసిపీతో రాజీకి వచ్చాయి. ఫ్లోరిడా, టెక్సాస్, మిన్నెసోటా కూడా విడివిడిగా ఒప్పందాలు చేసుకొన్నాయి. 1998 నవంబరులో మిగిలిన 46 రాష్ట్రాలకు తొలి 25 సంవత్సరాలలో దాదాపు 206 బిలియన్ డాలర్లు చెల్లించడానికి, పిల్లలను ఆకర్షించే ప్రకటనలు మానుకోవడానికి పెద్ద కంపెనీలు అంగీకరించాయి.

ఆ ధనంలో అధికభాగాన్ని పలు రాష్ట్రాలు పొగాకు నివారణకు గాక ఇతర ఖర్చులకు మళ్లించాయి. దావా నడిపింది అటార్నీ జనరళ్లే అయినా, బడ్జెట్టు మాత్రం శాసనసభల చేతిలోనిది.