కంప్యూటరు వాడకము - రైతు నేర్వదగిన మొదటి పాఠములు

పంపుసెట్టు కొన్న రైతు దానిని విప్పి బిగించుట నేర్వకపోయినను, ఎప్పుడు ఆపవలెనో, నీరు అందనప్పుడు ఏమి చూడవలెనో తప్పక నేర్చుకొనును. ఇంటికి కంప్యూటరు తెచ్చుకొన్న రైతు మాత్రము పలుచోట్ల దానిని పిల్లలకు వదలివేయుచున్నాడు. అడంగలు నకలు కావలసినను, బ్యాంకు అప్పు లెక్క చూడవలసినను కొడుకు కాలేజీ నుండి వచ్చువరకు ఆగుచున్నాడు. లేనిచో పట్టణములోని నెట్ సెంటరుకు పోయి, తన భూమి కాగితములను పరాయివారి యంత్రములో వదలి వచ్చుచున్నాడు. చదువను, వ్రాయను వచ్చిన మీకు ఈ అగత్యము లేదు. రోజున కొక అరగంట చొప్పున కొన్ని వారములు కూర్చుండినచో, మీ పనికి కావలసినంత మీరే నేర్చుకొనగలరు.

ఆపరేటింగ్ సిస్టము అనగా నేమి?

మీరు నొక్కిన అక్షరమును గ్రహించుట, దానిని తెరపై చూపుట, ఏ కాగితము డిస్కులో ఎక్కడ నున్నదో లెక్క ఉంచుట, ప్రింటరుకు పని అప్పగించుట - ఈ పెత్తనమంతయు చేయు ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టము అని పేరు. ఇండ్లలోను, ఆఫీసులలోను మనకు ఎక్కువగా కనబడునది మైక్రోసాఫ్ట్ కంపెనీవారి విండోస్. ఇది మొదట 1985లో వెలువడినది. తెర క్రింది అంచున నుండు పట్టీయు, అందలి స్టార్ట్ బొత్తామును 1995లో వచ్చినవి. 2012లో ఆ బొత్తామును తీసివేసి, మరుసటి సంవత్సరమే తిరిగి పెట్టిరి. జనము అలవాటుపడిన దానిని మార్చుట అంత సులభము కాదు! కనుక నేడు మీరు నేర్చినది రేపు రూపము మారినను చాలవరకు పనికివచ్చును.

మౌసును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎడమ బొత్తాము ఒకసారి నొక్కిన వస్తువు ఎన్నుకొనబడును. వెంటవెంటనే రెండుసార్లు నొక్కిన తెరచుకొనును. కుడి బొత్తాము నొక్కినచో ఆ వస్తువుతో ఏమేమి చేయవచ్చునో పట్టిక వచ్చును. రెండు మూడు దినములలో చేయి కుదురుకొనును.

కళ్లములో నున్నది గాదెలో నున్నట్లు కాదు

ఈ పాఠములన్నిటిలో ముఖ్యమైనది ఇదియే. మీరు తెరపై వ్రాయుచున్న కూలీల లెక్క మొదట తాత్కాలికమైన జ్ఞాపకములో నుండును. దీనిని ర్యామ్ అందురు. కరెంటు పోయిన మరుక్షణమున అందులో ఏమియు మిగులదు. డిస్కులోనికి చేరినది మాత్రము కరెంటు పోయినను నిలిచియుండును. నూర్చిన ధాన్యము కళ్లములో రాశిగా కనబడుచున్నంత మాత్రమున గాదెకు చేరినట్లు కాదు గదా! వాన వచ్చువరకే ఆ ధైర్యము. తెరపై కనబడు లెక్కయు అట్టిదే.

కంట్రోల్ అను మీటను నొక్కి పట్టుకొని ఎస్ అక్షరమును నొక్కినచో లెక్క డిస్కులో చేరును. దీనినే సేవ్ చేయుట అందురు. మొదటిసారి పేరును, చోటును అడుగును. తరువాత అడుగక అదే చోట కొత్త లెక్కను చేర్చుచుండును. కొన్ని ప్రోగ్రాములు తమంతట తామే సేవ్ చేయు మాట నిజమే కాని, ఏది చేయునో ఏది చేయదో కొత్తవారికి తెలియదు. కరెంటు నిలకడలేని మన పల్లెలలో నాలుగైదు పంక్తులకొకసారి మీరే నొక్కుట మంచిది. యు.పి.యస్. పెట్టె ఉన్నను అది ఇచ్చునది సామాన్యముగా కొన్ని నిమిషముల గడువు మాత్రమే. ఆ గడువు సేవ్ చేసి యంత్రమును ఆపుటకే గాని పని సాగించుటకు కాదు.

ఆపునప్పుడు గోడమీది స్విచ్చి నొక్కరాదు. స్టార్ట్ బొత్తాము, అందులో పవర్, అందులో షట్ డౌన్ - ఈ వరుసలో ఆపవలెను. డిస్కుపై వ్రాత జరుగుచుండగా కరెంటు తీసివేసినచో ఫైళ్లు చెడిపోవు ప్రమాదము కలదు. అక్కడనే స్లీప్ అను మాట కూడ కనబడును. అది కళ్లములోని ధాన్యముపై పట్టా కప్పుట వంటిది. పని ర్యామ్‌లోనే నిలిచియుండును గనుక, బల్లమీది కంప్యూటరులో రాత్రి కరెంటు పోయినచో సేవ్ చేయనిది పోవచ్చును.

పేరు పెట్టుట, చోటు చూపుట

"నిన్న దించుకొన్న అడంగలు కనబడుట లేదు" అనునది మా తరగతులకు వచ్చు రైతుల ప్రధానమైన ఫిర్యాదు. అది పోలేదు. ఇంటర్నెట్ నుండి దించుకొన్నవి సామాన్యముగా డౌన్‌లోడ్స్ అను ఫోల్డరులో పడును. ఇది ఇంటి వసారా వంటిది. వచ్చిన ప్రతి మూటయు అక్కడ దిగును. ఆ మూటను లోపల సర్దుట మన పని.

విండోస్ గుర్తు గల మీటను పట్టి ఇ అక్షరమును నొక్కినచో ఫోల్డర్లు చూపు కిటికీ తెరచుకొనును. అందు డాక్యుమెంట్స్ లోనికి పోయి, ఖాళీచోట కుడి బొత్తాము నొక్కి, న్యూ, ఫోల్డర్ అనువానిని ఎన్నుకొనుడు. దానికి "సేద్యము" అని పేరు పెట్టి, అందులో భూమి కాగితములకు ఒకటి, బ్యాంకునకు ఒకటి, ప్రతి పంటకాలమునకు ఒకటి చొప్పున ఫోల్డర్లు చేసికొనుడు. డౌన్‌లోడ్స్ లోని కాగితమును ఎన్నుకొని కంట్రోల్ తో ఎక్స్ నొక్కి, చేరవలసిన ఫోల్డరును తెరచి కంట్రోల్ తో వి నొక్కినచో అది అక్కడకు మారును.

పేరు పెట్టునప్పుడు రైతునకే ప్రత్యేకముగా ఒక చిక్కు ఎదురగును. సర్వే నంబరు 124/2 అని వ్రాయబోయినచో విండోస్ ఒప్పుకొనదు. ఏటవాలు గీతను, ప్రశ్నార్థకమును ఫైలు పేరులో వాడరాదు. 124-2 అని అడ్డగీతతో వ్రాయవలెను. తేదీ వ్రాయునప్పుడు సంవత్సరము ముందు, తరువాత నెల, ఆపై దినము వచ్చునట్లు "2025-06-12 విత్తనాల బిల్లు" అని పెట్టినచో, పేర్ల వరుసలో ఫైళ్లు తేదీల క్రమముననే నిలుచును. విత్తనము మొలకెత్తక ఫిర్యాదు చేయవలసివచ్చిన నాడు మొదట అడుగునది ఆ బిల్లునే. అసలు బిల్లును పెట్టెలో భద్రపరచి, దాని ఫోటోను ఇక్కడ ఉంచుకొనుడు.

పేర్లు తెలుగులోనే వ్రాయవచ్చును. సెట్టింగ్స్ లో భాషల పట్టికకు తెలుగును చేర్చినచో, విండోస్ మీటను పట్టి స్పేస్ బారు నొక్కినంతనే భాష మారును. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమచేతి వైపున, హల్లులు కుడిచేతి వైపున ఉండును. ఇంగ్లీషు అక్షరములతో ఉచ్చారణ ననుసరించి వ్రాయు పద్ధతియు కలదు. త్వరగా అబ్బునది రెండవదియే అయినను, ఇంగ్లీషు రానివారికి మొదటిదే మేలని నా అభిప్రాయము.

పొరపాటున ఒక ఫైలును తీసివేసినచో భయపడనక్కరలేదు. అది రీసైకిల్ బిన్ అను బుట్టలో నుండును. దానిపై కుడి బొత్తాము నొక్కి రిస్టోర్ అన్నచో మునుపటి చోటికే తిరిగివచ్చును. అయితే పెన్ డ్రైవ్ నుండి తీసివేసినవి సామాన్యముగా ఈ బుట్టకు రావు. అచ్చట జాగ్రత్త వహింపవలెను.

పాత యంత్రము కొనువారికి

ఆఫీసులు మార్చివేసిన కంప్యూటర్లు తక్కువ ధరకు దొరకుచున్నవి. కొనుటకు ముందు విండోస్ మీటను పట్టి ఆర్ నొక్కి, వచ్చిన గడిలో "విన్‌వెర్" అను మాటను ఇంగ్లీషు అక్షరములలో, డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని వ్రాసి ఎంటర్ నొక్కినచో అది ఎన్నవ విండోస్ అయినదియు తెలియును. విండోస్ 10కి కంపెనీవారి ఉచిత భద్రతా సవరణలు, అదనపు పథకములో చేరినవారికి తప్ప, 14-10-2025తో నిలిచిపోయినవి. పాత ప్రాసెసరు గల యంత్రములు చాలవరకు విండోస్ 11ను స్వీకరింపవు. సవరణలు అందని యంత్రముపై బ్యాంకు పని చేయుట తగదు. అట్టి యంత్రమునకు లినక్స్ తెగకు చెందిన ఉబుంటు గాని, మింట్ గాని వేయించుకొనవచ్చును. ఇవి ఉచితము. ఫోల్డర్లు, పేర్లు, సేవ్ చేయుట అందును ఇట్లే యుండును.

రెండవ నకలు

డిస్కు కూడ యంత్రమే. ఏదో ఒకనాడు చెడును. కావున నెలకొకసారి "సేద్యము" ఫోల్డరును ఎన్నుకొని కంట్రోల్ తో సి నొక్కి, పెన్ డ్రైవ్ లో కంట్రోల్ తో వి నొక్కి నకలు తీయుడు. లాగివేయుటకు ముందు దానిపై కుడి బొత్తాము నొక్కి ఎజెక్ట్ అనవలెను. పెన్ డ్రైవ్ ను కంప్యూటరు ప్రక్కనే ఉంచక, వేరొక ఇంట నుంచుట మంచిది. పిడుగు గాని దొంగ గాని వచ్చినచో రెండును ఒక్కసారే పోరాదు. పంటకాలమున కొకసారి ఆ పెన్ డ్రైవ్ ను మరొక కంప్యూటరుకు తగిలించి, భూమి కాగితములలో ఒకటి, ఆ ఏటి లెక్కలలో ఒకటి తెరచి చూడుడు. తెరచుకొననిచో అదే దినమున కొత్త పెన్ డ్రైవ్ కొని మరల నకలు తీయవలెను.