పడవ బ్యాటరీకి తగిన ఛార్జరు

గోదావరి లంకలలోను, కొల్లేటి తీరమునను గల అనేక గ్రామములకు నేటికిని పడవయే బాట. రేవుతో గ్రామపంచాయతీకి సంబంధమున్న చోట్ల పడవ సామగ్రి కొనుగోలు సభ్యుల ముందునకు వచ్చుచుండును. తాళ్లు, గడలు, లైఫ్ జాకెట్ల సంగతి సభ్యులకు తెలిసినదే. బ్యాటరీ మాట వచ్చునప్పటికి మాత్రము, మంచి బ్యాటరీని విచారించి కొని, దానిని ఛార్జి చేయు పరికరము విషయమున "ఏదో ఒకటి చాలును" అని సరిపెట్టుకొనుట కద్దు.

ఒక లంక రేవులో రెండేండ్లలో రెండు బ్యాటరీలు పాడైనవి. మొదటిదానిని లారీ గ్యారేజీ నుండి తెచ్చిన పాత ఛార్జరుతో ఛార్జి చేసిరి. బ్యాటరీ నిండిన పిదప తనంతట తాను ఆగు ఏర్పాటు దానికి లేదు. రాత్రియంతయు కరెంటు పారి, లోని నీరు మరిగినట్లు బుడగలెత్తి తరిగి, పలకలు బయటపడినవి. ఆ అనుభవముతో బెదరి, రెండవ బ్యాటరీకి అన్నిటికన్న చిన్నదియు, చౌకైనదియు అగు ఛార్జరును కొనిరి. అది బ్యాటరీని మరిగింపలేదు, నింపనూ లేదు. ఒకనాటి రాత్రి ప్రసవవేదన పడుచున్న స్త్రీని ఆవలి యొడ్డునకు దాటించుచుండగా నడియేట సెర్చిలైటు మసకబారి ఆరిపోయినది. సరంగు చేతి టార్చితోనే ఎట్లో పడవను గట్టు చేర్చెను. తల్లియు బిడ్డయు క్షేమముగా బయటపడిరి. మరునాడు అందరును నిందించినది బ్యాటరీనే! నిజమునకు రెండుసార్లును దోషము ఛార్జరును ఎన్నుకొనుటలోనే ఉన్నది.

పడవలో దీపములకు, నీరు తోడు పంపునకు, మైకునకు వాడవలసినది డీప్ సైకిల్ బ్యాటరీ. లారీ ఇంజనును స్టార్టు చేయు బ్యాటరీలో పలకలు పలుచగా నుండును. అది కొద్ది క్షణములు పెద్ద కరెంటునిచ్చి, వెంటనే ఇంజను నుండి తిరిగి నింపుకొనును. డీప్ సైకిల్ బ్యాటరీలో పలకలు మందము. గంటల తరబడి కొద్దికొద్దిగా కరెంటునిచ్చుట దాని పని. మన ఇండ్లలో ఇన్వర్టరునకు వాడు ట్యూబులర్ బ్యాటరీ ఈ జాతిదే. ఇట్టి సీసపు బ్యాటరీని సగమునకు మించి తరచుగా ఖాళీ చేయరాదు. ఖాళీ అయిన దానిని నింపక రోజుల తరబడి ఉంచినచో పలకలపై తెల్లని గట్టి పొర ఏర్పడి, మరల పూర్తిగా ఛార్జిని గ్రహింపదు.

ఛార్జరు పని ఎట్టిదో తెలిసికొనుటకు బిందె నింపుటను తలచుకొనవచ్చును. మొదట పంపును పూర్తిగా తిప్పుదుము, అంచు సమీపించినపుడు ధారను తగ్గింతుము, నిండిన పిమ్మట కట్టివేయుదుము. మంచి ఛార్జరు కూడ ఇట్లే మూడు దశలలో పనిచేయును. 12 వోల్టుల మామూలు నీటి బ్యాటరీకి వోల్టేజి 14.4 మొదలు 14.8 వరకు చేరువరకు నిండు కరెంటునిచ్చి, అటుపిమ్మట ఆ వోల్టేజి వద్దనే నిలిపి కరెంటును క్రమముగా తగ్గించి, తుదకు 13.5 ప్రాంతమునకు దించి, చల్లగా కాపాడుచుండును. గ్యారేజీ ఛార్జరునకు లేనిది ఈ రెండవ, మూడవ దశల జ్ఞానమే.

ఇక ఛార్జరు పరిమాణము. సభ్యులు పెన్సిలుతో వేయదగిన లెక్క ఇది. పడవలో 150 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉన్నదనుకొందము. 60 వాట్ల దీపములు సంధ్యవేళ, వేకువ కలిసి 4 గంటలు వెలిగినచో 240 వాట్-గంటలు, అనగా 20 ఆంపియర్-గంటలు. 5 ఆంపియర్ల పంపు వానకాలమున 5 గంటలు తిరిగినచో 25. మైకు, హారను మొదలగువానికి 15. మొత్తము 60. ఛార్జి చేయునపుడు కొంత వృథాయగును గనుక 72 ఆంపియర్-గంటలు తిరిగి పోయవలెను. పడవ రాత్రి 9 గంటలకు రేవు చేరి ఉదయము 6 గంటలకు బయలుదేరునేని, దొరకు వ్యవధి 9 గంటలు. 5 ఆంపియర్ల ఛార్జరునకు 14 గంటలకు పైగా కావలెను. అనగా ఆ బ్యాటరీ ఏ దినమునను నిండదు. ఆ లంక రేవులో జరిగినది సరిగా ఇదే. 15 ఆంపియర్ల ఛార్జరు 5 గంటలలో అధిక భాగము నింపి, చివరి నెమ్మది దశకు మరి రెండు మూడు గంటలు తీసికొన్నను ప్రొద్దు పొడుచునప్పటికి పని ముగించును. బ్యాటరీ సామర్థ్యములో పదవ వంతు ఆంపియర్లు ఛార్జరుకు ఉండవలెనను వాడుక సూత్రము ఈ లెక్కతో సరిపోవుచున్నది. అయిదవ వంతునకు మించినచో నీటి బ్యాటరీ వేడెక్కును.

బ్యాటరీ రకమును బట్టి కూడ ఛార్జరు మారును. జెల్ బ్యాటరీకి 14.2 వోల్టులకు మించరాదు. దానిలో ఒకసారి బుడగలు పుట్టినచో పూడ్చుటకు వీలులేదు. లిథియం బ్యాటరీకి దానికై చేసిన ఛార్జరే కావలెను. సీసపు బ్యాటరీలకు వాడు, పొరను తొలగించు అధిక వోల్టేజి ఏర్పాటు దానికి హానికరము. కేరళలో వైకోం వద్ద 2017 జనవరిలో ప్రారంభమైన "ఆదిత్య" అను సౌరశక్తి పడవ నడచునది లిథియం బ్యాటరీలతోనే. మన చిన్న రేవులకు మాత్రము, మరమ్మతు చేయువారు దగ్గరలో దొరకుటను బట్టి, ట్యూబులరే మేలని నా అభిప్రాయము.

వేసవిని మరువరాదు. పైన చెప్పిన వోల్టేజి అంకెలు 25 డిగ్రీల సెల్సియస్ వేడిమికి సంబంధించినవి. వేడి పెరిగిన కొలది వోల్టేజిని తగ్గింపవలెను. 43 డిగ్రీలున్న మే నెల మధ్యాహ్నమున ఇది కనీసము 0.3 వోల్టు తగ్గవలసియుండును. ఉష్ణోగ్రత గ్రహించు తీగతో వచ్చు ఛార్జర్లు దీనిని తామే సవరించుకొనును. కొంచెము ధర ఎక్కువైనను మన సీమకు అవి అవసరము. రేవు లైనులో కరెంటు ఎక్కువ తక్కువలగుట మామూలే గనుక, 160 మొదలు 270 వోల్టుల వరకు తట్టుకొనునదియు, తుంపరలు పడినను చెడనిదియు అడుగవలెను.

నీటి ప్రక్కన 230 వోల్టుల తీగ యున్నచోట 30 మిల్లీఆంపియర్లకే తెగు లీకేజి రక్షణ స్విచ్చి లేకుండ ఛార్జరు పెట్టనీయరాదు. ఈ ఒక్క విషయమున పొదుపు మాట ఎత్తనేరాదు. ఛార్జి అగునపుడు హైడ్రోజను వెలువడును. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లు చేరినచో నిప్పురవ్వ తగిలి పేలగలదు. కావున బ్యాటరీ పెట్టెకు పైభాగమున గాలి పోవు సందులుండవలెను. బీడీ, లాంతరు దరిచేరరాదు. క్లిప్పులు తగిలించిన పిదపనే స్విచ్చి వేయవలెను, స్విచ్చి తీసిన పిదపనే క్లిప్పులు ఊడదీయవలెను. తరిగిన నీటికి డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. ఏటి నీరు గాని, యాసిడ్ గాని పోయరాదు.

కొటేషన్లు పిలుచునపుడు "బ్యాటరీ ఛార్జరు – 1" అని వ్రాసి ఊరకుండిన యెడల అన్నిటికన్న చౌకైనదే వచ్చును. 12 వోల్టులు, 15 ఆంపియర్లు, మూడు దశలు, ట్యూబులర్ బ్యాటరీకి తగినది, ఉష్ణోగ్రత సవరణ గలది అని స్పష్టముగా వ్రాయవలెను. సరుకు అందిన దినముననే ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించి, బ్యాటరీ నిండిన పిదప వోల్టేజి 13.5 ప్రాంతమునకు దిగుచున్నదో లేదో చూచి, ఆ తరువాతనే బిల్లుపై సంతకము చేయవలెను. ఇక వారమునకొకసారి ఛార్జరు తీసివేసి, ఏదియు వాడక కొన్ని గంటలుంచి కొలిచిన వోల్టేజిని రేవు రిజిష్టరులో వ్రాయించుడు. 12.6 ఉన్నచో నిండినట్లు, 12.2 ప్రాంతమున ఉన్నచో సగమైనట్లు. వారము వారమునకు ఈ అంకె దిగుచున్నట్లు కనిపించినచో, క్రొత్త బ్యాటరీకి తీర్మానము చేయుటకు ముందు ఛార్జరును పరీక్షింపుడు.