దూకే బిడ్డ, ఎదురుచూచే ఇల్లు



బల్లార్షా పక్కన ఉన్న మన బామ్నిలో తెలుగు కుటుంబములకు వలస అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. బొగ్గు గనుల పని కొరకు, కాగితపు మిల్లు పని కొరకు ఇల్లు విడిచి వచ్చిన పెద్దల బిడ్డలము మనము. ఇప్పుడు మన బిడ్డలు ఇంకా దూరము వెళ్ళుచున్నారు. మన దగ్గరనే, చంద్రపూర్ నుండి బల్లార్షా వచ్చే దారిలో, 2019లో సైనిక్ స్కూలు ప్రారంభమైనది. సైన్యములో చేరాలనే కోరిక పిల్లలలో పుట్టుట వింత కాదు. కాబట్టి ఈసారి పాఠములో, ఇంటికి దూరముగా ఉండి, విమానము నుండి దూకుటను ప్రేమించే సైనికుని గూర్చి ఆలోచించుదము.

ముఖ్యాంశము: దూరములో ఉన్న బిడ్డ క్షేమమును అడిగినట్లే, అతని సంతోషమును కూడా అడిగి తెలుసుకొనవలెను.

1. ఫోనులో చెప్పని మాట

ఒక కుర్రవాడు సరిహద్దులో పని చేయుచున్నాడనుకుందాము. ఆదివారము ఫోను చేస్తాడు. మన ప్రశ్నలు మూడే. తిన్నావా? చలిగా ఉందా? సెలవు ఎప్పుడు? ఇవి ప్రేమతో అడిగే ప్రశ్నలే, తప్పు లేదు. కాని ఆ వారమే అతడు మొదటిసారి పారాచూట్‌తో దూకి ఉండవచ్చును. ఆ మాట అతని నోటి చివర ఉన్నది. చెప్పితే అమ్మ ఏడుస్తుంది, నాన్న కోప్పడతాడు. అందుకని "అంతా బాగానే ఉంది అమ్మా" అని ఫోను పెట్టేస్తాడు.

ఇట్లు రెండు మూడు సంవత్సరములు గడిస్తే ఏమగును? అతడు దేనిని ఎక్కువగా ప్రేమించుచున్నాడో అది ఇంటివారికి తెలియదు. సెలవు మీద వచ్చినవాడు సొంత ఇంటిలో చుట్టమువలె కూర్చుంటాడు. దూరము రైలు చార్జీలో లేదు, చెప్పకుండా మిగిలిపోయిన మాటలలో ఉన్నది.

2. ఇంతకూ దూకుట అనగా ఏమి?

తెలియని దానికి భయము ఎక్కువ. అందుచేత కొంత తెలుసుకొందము. మన సైన్యములో పారాచూట్ శిక్షణ ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూలులో ఇస్తారు. మొదటి శిక్షణలో సైనికుడు తానుగా పారాచూట్ తెరవడు. విమానములోని తీగకు కట్టిన పట్టీ, అతడు దూకగానే లాగబడి, పారాచూట్‌ను తెరుస్తుంది. దీనిని స్టాటిక్ లైన్ అంటారు. అయిదు సార్లు దూకి, వాటిలో ఒకటి రాత్రివేళ దూకినవానికి రెక్కల బ్యాడ్జి లభిస్తుంది.

స్కైడైవింగ్ దీనికి పై మెట్టు. సుమారు 10,000 నుండి 13,000 అడుగుల ఎత్తున విమానము విడిచి, కొంతసేపు గాలిలో పడుతూ వచ్చి, తరువాత తన చేతితోనే పారాచూట్ తెరుస్తారు. పొట్ట నేలవైపు పెట్టి పడేటప్పుడు వేగము గంటకు సుమారు 200 కిలోమీటర్లు ఉంటుంది. అయినను బావిలో పడినట్లు ఉండదనియు, గాలియే ఒంటిని మోసినట్లు ఉంటుందనియు దూకినవారు చెబుతారు. పారాచూట్ తెరచుకొనగానే ఆ హోరు తగ్గి, నిశ్శబ్దము కమ్ముకొంటుంది. క్రింద పొలములు, చెరువులు, దారులు పటములో వలె కనబడతాయి. మన బిడ్డ ప్రేమించేది ఇదే.

ఇది మగవారికే అనుకొనవద్దు. మన మహారాష్ట్రలోని పూణెకు చెందిన శీతల్ మహాజన్ 2004లో ఉత్తర ధ్రువము మీద దూకెను. ఆమె సైనికురాలు కాదు, సామాన్య గృహములోని ఆడపిల్ల. 2011లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు.

3. ధైర్యము కంటే ముందు జాగ్రత్త

గనిలో పని చేసిన మన పెద్దలకు ఈ సంగతి చక్కగా అర్థమగును. షిఫ్టులోని వారు పనికి దిగక ముందు మైనింగ్ సర్దార్ వెళ్ళి పైకప్పు చూస్తాడు, గాలి చూస్తాడు. టోపీ, దీపము, బూట్లు లేనిదే ఎవరినీ లోపలికి పంపరు. ఆకాశములోనూ అంతే. ప్రతివానికి అసలు పారాచూట్‌తో పాటు, అది తెరచుకొనకపోతే వాడుటకు రిజర్వు పారాచూట్ ఉంటుంది. దూకక ముందు పట్టీలు, బకిల్సు, హెల్మెట్ ఒకరివి ఒకరు తనిఖీ చేస్తారు. స్కైడైవింగ్ చేసేవారు ఎత్తు చూపే మీటరు చేతికి కట్టుకొని, ఏ ఎత్తున తెరవవలెనో ముందే నిశ్చయించుకొంటారు. నేలను తాకేటప్పుడు కాళ్ళు ఎట్లుంచవలెనో నేల మీదనే అనేక పర్యాయములు నేర్పిస్తారు.

నాన్న భూమి లోపలికి దిగాడు, కొడుకు ఆకాశము నుండి దిగుచున్నాడు. నాన్న మొదటి షిఫ్టుకు వెళ్ళిన రోజున ఊరిలో ఉన్న నాయనమ్మ ఎంత భయపడినదో జ్ఞాపకము చేసికొనుడి.

4. దిగిన తరువాతనే అసలు పని

మన దేశములో పారాచూట్‌తో దూకిన మొదటి సైనికులలో ఒకరు ఎ. జి. రంగరాజ్. ఆయన వైద్యుడు. 1941లో కరాచీలో మొదటిసారి దూకెను. తరువాత 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌కు నాయకుడై 1950లో కొరియా యుద్ధమునకు వెళ్ళెను. 1951 మార్చి 23న ఆ దళములోని కొందరు అమెరికా సైనికులతో పాటు మున్సాన్ వద్ద దూకి, గాయపడినవారికి వైద్యము చేశారు. ఆ దళము 1954 వరకు పరాయి దేశములోనే సేవ చేసినది. రంగరాజ్‌గారికి మహావీర్ చక్ర లభించినది.

ఆయనకు దూకుట గాయపడినవాని యొద్దకు చేరే దారి. పాదము నేలకు తగిలినప్పుడు ఆయన పని మొదలైనది. వలస వచ్చిన మనకు కూడా రైలు దిగిన రోజు గొప్ప కాదు గదా! ఆ తరువాత మనము ఎవరికి ఉపయోగపడితిమి అన్నదే గొప్ప.

5. భయమును దాచవద్దు

ప్రమాదము లేదని మేము చెప్పము. 2021 డిసెంబరు 8న కూనూరు వద్ద జనరల్ బిపిన్ రావత్‌గారితో పాటు హెలికాప్టర్ ప్రమాదములో మరణించినవారిలో అప్పటి చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ బి. సాయితేజ ఉన్నాడు. అతడు పారా స్పెషల్ ఫోర్సెస్ సైనికుడు. అతని ప్రాణము పారాచూట్ వలన పోలేదు. సైనికుని జీవితములో ప్రమాదము ఏ దిక్కు నుండి వచ్చునో చెప్పలేము.

కనుక తలిదండ్రులకు మా మనవి: "దూకవద్దు" అని ఆజ్ఞాపించినయెడల బిడ్డ మాట దాచుకొంటాడు. "నాకు భయముగా ఉంది, అయినా చెప్పు, వింటాను" అన్నయెడల చెబుతాడు. ఈ రెండు మాటలకు చాలా భేదము ఉన్నది. సైనికులైన తమ్ముళ్ళకు కూడా ఒక మాట. వీడియో పంపి ఊరుకోవద్దు. మీ పట్టీలు ఎవరు చూస్తారో, మీకు నేర్పినవారు ఎవరో అమ్మకు వివరముగా చెప్పండి. ఆ రాత్రి ఆమెకు కొంచెమైనా నిద్ర పడుతుంది.

ఇంటిలో మాట్లాడుకొనుటకు ప్రశ్నలు

1. దూరములో ఉన్న మన బిడ్డకు ఎక్కువ ఇష్టమైన పని ఏది? మనకు తెలుసా?
2. మన పెద్దలు ఊరు విడిచినప్పుడు ఇంటికి ఏ మాటలు చెప్పలేదు? ఇప్పుడు వారిని అడుగుదమా?
3. వచ్చే ఫోనులో "సెలవు ఎప్పుడు?" అనే దానికి ముందు ఏ ప్రశ్న అడుగుదము?

మూడవ ప్రశ్నకు జవాబు ఈ ఆదివారమే సిద్ధము చేసికొనుడి.