ముందు పుచ్చకాయకు పెట్టి చూడు

ప్రజ్ఞాపూర్



ఉస్మానియాలో మీ జట్టు ప్రాజెక్టుకు మెదడు తరంగాలను ఎంచుకుందని మీ నాయన చెప్తే చాలా సంతోషమైంది. ఏ బోర్డు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. తెర మీద గీత కదలగానే అది మెదడు నుంచే వస్తున్నదని ఎట్లా చెప్తావు? ముందు దీనికి జవాబు కావాలి. ఇన్నేళ్ళు ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పాఠం చెప్పినవాడిగా నా మాట ఇది: మెదడుదని రుజువయ్యే దాకా ఆ గీతను నాయిస్ కిందే జమకట్టు.

ఎందుకంటే మనం పట్టుకోబోయేది చాలా చిన్నది. గుండె ఈసీజీ ఛాతీ మీద ఒక మిల్లీవోల్టు దాకా ఉంటుంది. నెత్తి మీద దొరికే మెదడు విద్యుత్తు, అంటే ఈఈజీ, 10 నుంచి 100 మైక్రోవోల్టుల లోపే. ఇంట్లో గోడ సాకెట్టులో 230 వోల్టుల కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంటుంది. 50 మైక్రోవోల్టులతో పోలిస్తే అది 46 లక్షల రెట్లు. తీగ తగలకపోయినా గాలిలోంచే ఆ ఊగిసలాట కొంత మన ఒంటికి ఎక్కుతుంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ రికార్డు చేద్దామన్నావు కదా, పక్క పొలంలో బోరు మోటారు స్టార్టర్ పడ్డప్పుడల్లా నీ గీత ఎగిరి దూకుతుంది. అది కూడా చూసి గుర్తుపట్టడం నేర్చుకో.

ఈ కరెంటు నాయిస్‌కు విరుగుడు తేడాను మాత్రమే పెంచే ఆంప్లిఫైయర్. రెండు ఎలక్ట్రోడ్ల మీదా సమానంగా ఉన్న కరెంటు నాయిస్‌ను అది కొట్టేసి, రెండింటి మధ్య ఉన్న తేడాను ఉంచుతుంది. ఎంత బాగా కొట్టేస్తుందో డెసిబెల్స్‌లో రాస్తారు. 100 డెసిబెల్స్ అంటే లక్షో వంతు. ఒంటి మీద 0.1 వోల్టు నాయిస్ ఉంటే ఒక మైక్రోవోల్టు మిగులుతుంది, దానితో ఇబ్బంది లేదు. అదే 60 డెసిబెల్స్ అయితే 100 మైక్రోవోల్టులు మిగిలి మెదడు తరంగాన్ని ముంచేస్తుంది. చిప్ కాగితాల మీద 100 అని ఉన్నంత మాత్రాన నీకు 100 రాదు. ఒక ఎలక్ట్రోడ్ చర్మానికి బాగా అంటుకుని, రెండోది వదులుగా ఉంటే ఆ సమానత్వం అక్కడే చెడిపోతుంది.

కాబట్టి అసలు పని తల దగ్గర ఉంది. పిల్లలు దీన్నే చిన్నచూపు చూస్తారు, గంటలకు గంటలు ప్రోగ్రాములో తప్పు వెతుకుతారు. మనవాళ్ళ తలల్లో కొబ్బరినూనె ఉంటుంది. రికార్డింగ్ రోజు నూనె లేకుండా తలంటుకుని, పూర్తిగా ఆరబెట్టుకుని రమ్మను. జడ విప్పించు, పాయ తీసి నెత్తి చర్మం కనిపించేలా చెయ్యి. గరుకు జెల్‌తో ఆ చోట మెల్లగా రుద్ది, పేస్టు పెట్టి అప్పుడు ఎలక్ట్రోడ్ అంటించు. 5 కిలోఓముల కంటే తక్కువ నిరోధం వస్తే మంచిది, రెండు చోట్లా దగ్గరదగ్గరగా ఉంటే ఇంకా మంచిది.

చోటు కొలవడానికి దర్జీ టేపు చాలు. కనుబొమల మధ్య ముక్కు మొదలయ్యే పల్లం నుంచి తల వెనక ఎముక బుడిపె దాకా నడినెత్తి మీదుగా కొలువు. అది 36 సెంటీమీటర్లయితే, బుడిపెకు 3.6 సెంటీమీటర్ల పైన గుర్తు పెట్టు. తల చుట్టుకొలత 56 అనుకో, ఆ గుర్తు నుంచి ఎడమకు 2.8 సెంటీమీటర్లు జరిగితే ఓ1 అనే చోటు వస్తుంది. దాని కింద చూపుకు సంబంధించిన మెదడు భాగం ఉంటుంది. 1958లో హెర్బర్ట్ జాస్పర్ ప్రచురించిన 10–20 పద్ధతి ఇది. ఏ తలకైనా దాని కొలతలోంచే వంతులు తీస్తాం కనుక జర్మనీలోని జేనాలోనైనా హైదరాబాద్ నిమ్స్‌లోనైనా ఓ1 అంటే ఒకే చోటు. రెండో ఎలక్ట్రోడ్ చెవి వెనక ఎముక మీద, గ్రౌండ్ నుదుటి మీద పెట్టు.

జేనా అన్నాను కనుక హాన్స్ బెర్గర్ సంగతి చెప్పాలి. కుందేళ్ళు, కోతుల మెదళ్ళలో కరెంటును లివర్‌పూల్‌లో రిచర్డ్ కేటన్ 1875లోనే చూశాడు. మనిషి తల నుంచి మొదట రికార్డు చేసింది మాత్రం జేనాలో మానసిక వైద్యుడైన బెర్గర్, 1924లో. ఆయన ఆ మాట అచ్చులో పెట్టింది 1929లో. నడుమ ఐదేళ్ళు ఆ ఊగిసలాట నాడిదా, కండరాలదా, పరికరానిదా అని తనను తానే అనుమానించుకుంటూ పరీక్షలు చేశాడు. సొంత కొడుకు తల మీద కూడా రికార్డు చేశాడు. అంత చేసినా లోకం వెంటనే నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ మళ్ళీ చేసి చూపించాకే నమ్మకం కుదిరింది. కళ్ళు మూసినప్పుడు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆ తరంగాన్ని ఆల్ఫా అంటారు. వాళ్ళిద్దరిలో ఏడ్రియన్ తలలో అది చక్కగా కనిపించేది, మాథ్యూస్ తలలో సరిగా దొరికేది కాదు. ఇది నీకు పనికొచ్చే సంగతి. ఒక స్నేహితురాలి తలలో ఆల్ఫా కనపడకపోతే సర్క్యూట్‌నూ తిట్టకు, ఆమెనూ శంకించకు. ఇంకో ఇద్దరు ముగ్గురి మీద చూడు.

సర్క్యూట్ గురించి ఒక్క హెచ్చరిక. మొత్తం పదివేల రెట్లు పెంచాలి కదా అని మొదటి అంచెలోనే పెంచెయ్యకు. చర్మానికీ లోహానికీ మధ్య నిలకడగా 100 మిల్లీవోల్టుల దాకా పుట్టవచ్చు. దాన్ని వెయ్యి రెట్లు చేయాలన్నా 100 వోల్టులు కావాలి, నీ బ్యాటరీ ఇవ్వలేదు, గీత పైకి పోయి అతుక్కుంటుంది. ముందు 20 రెట్లు, తర్వాత అర హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని ఆపే ఫిల్టర్, ఆ తర్వాత 500 రెట్లు. అప్పుడు 20 మైక్రోవోల్టుల ఆల్ఫా 0.2 వోల్టు అవుతుంది. ఆర్డుయినో బోర్డులో ఒక మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు కాబట్టి 40 మెట్లు దొరుకుతాయి. అది చాలు.

ఇప్పుడు అసలు పరీక్ష. తల కంటే ముందు పది కిలోఓముల రెసిస్టర్లు పెట్టి రికార్డు చెయ్యి. తర్వాత రాజీవ్ రహదారి పక్కన అమ్మే పుచ్చకాయ ఒకటి తెచ్చి దానికి ఎలక్ట్రోడ్లు అంటించి చెయ్యి. నేను ఆటకు చెప్పడం లేదు. తడి ఉంది, కరెంటు పారుతుంది, మెదడు మాత్రం లేదు. పరిశోధకులు కూడా ఇట్లాంటి కాయలను వాడతారు. ఆ రికార్డును 8 నుంచి 13 హెర్ట్జ్‌ల ఫిల్టర్ గుండా పంపి చూడు, అచ్చం ఆల్ఫాలాంటి నున్నని అల వస్తుంది! ఇరుకు ఫిల్టర్ ఏ నాయిస్‌నైనా అట్లా చెక్కి పెడుతుంది. ఇది కళ్ళారా చూసినవాళ్ళు ఫిల్టర్ దాటిన గీతను చూసి మోసపోరు.

ఆ తర్వాతే మనిషి. ముప్పై సెకన్లు కళ్ళు తెరిచి, ముప్పై సెకన్లు మూసి, ఇదే వరుస పదిసార్లు. ఎక్కువసేపు మూయిస్తే కునుకు పట్టి ఆల్ఫా చెదిరిపోతుంది, 4–8 హెర్ట్జ్‌ల థీటా మొదలవుతుంది. రెప్ప కొట్టమను, పళ్ళు బిగించమను, వాటి గీతలు విడిగా దాచుకో. సెకనుకు 256 నమూనాలు తీసి, రెండేసి సెకన్ల ముక్కలకు ఫూరియర్ విశ్లేషణ చేస్తే అర హెర్ట్జ్ తేడా తెలుస్తుంది. కళ్ళు మూసినప్పుడల్లా 10 హెర్ట్జ్ చుట్టుపక్కల గుట్ట లేచి, తెరిచినప్పుడల్లా తగ్గి, పుచ్చకాయలో అది అసలే లేకపోతే, అప్పుడు చెప్పు మెదడును చూశానని. నేనూ నమ్ముతాను.

భద్రత విషయంలో రాజీ లేదు. పరికరం బ్యాటరీ మీదే నడవాలి, లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి ఉండాలి. ఆసుపత్రిలో ఫిట్స్ జాడ తీయడానికి మిణుకు లైట్లు వేస్తారు, వేగంగా ఊపిరి తీయిస్తారు, పక్కన వైద్య సిబ్బంది ఉంటారు. మీరు ఆ రెండూ చేయకండి. ఎవరి గీతనూ చూసి జబ్బుందనీ లేదనీ చెప్పకండి.

ఇంకొకటి, ఇది నాకు బాధ కలిగించే విషయం. మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ పేరుతో పిల్లల కళ్ళకు గంతలు కట్టి చదివిస్తామని మన ఊళ్ళలో డబ్బు వసూలు చేస్తుంటే, ఆల్ఫా తరంగాల మాట విని తల్లిదండ్రులు నమ్ముతున్నారు. ఒకటి రెండు ఎలక్ట్రోడ్లతో ఎవరి ఆలోచనా చదవలేం. అయినా ఎదుటి మనిషి అనుమతి తప్పనిసరి. బ్రెయిన్ మ్యాపింగ్, నార్కో పరీక్షలను మనిషి ఒప్పుకోకుండా చేయరాదని సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో తీర్పు ఇచ్చింది. నిందితుడికే ఆ హక్కు ఉంటే నీ స్నేహితురాలికి ఉండదా? సంతకం తీసుకునే ఎలక్ట్రోడ్ పెట్టు, ఆమె వద్దంటే మధ్యలోనైనా తీసెయ్యి, ఫైలు మీద పేరు రాయకు.

ఈ పని మీద ఆసక్తి నిలిస్తే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాడీ, జ్ఞాన శాస్త్రాల కేంద్రం ఉంది. రెండూ మీ క్యాంపస్‌కు సిటీ బస్సు దూరమే. రికార్డింగ్ అయ్యాక ఫిల్టర్ వేసిన బొమ్మలు నాకు పంపకు బిడ్డా. ముడి ఫైలు పంపు, పుచ్చకాయ ఫైలుతో కలిపి.

నీ పెద్దబాపు