పునాది గుంతలో దాగిన ఖర్చు: నల్లరేగడి, బండరాయి

ఇంటికి ఎన్ని ఇటుకలు పడతాయో, స్లాబుకు ఎంత ఇనుము కావాలో, సిమెంటు ఎన్ని బస్తాలో మేస్త్రీ ముందే లెక్కగట్టి చెప్పగలడు. నేల కింద ఏముందో మాత్రం చెప్పలేడు. తవ్వకం మొదలైన రెండో రోజో మూడో రోజో కాంట్రాక్టరు ఫోన్ చేసి "ఐదడుగులు దిగినా గట్టి నేల తగల్లేదు" అనో, "నాలుగడుగులకే బండ పడింది" అనో చెబితే అంతవరకూ వేసుకున్న అంచనా తారుమారవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ రెండు కబుర్లూ తరచుగా వినిపించేవే. మొదటిది ఎక్కువగా నల్లరేగడి నేలలది, రెండోది గ్రానైటు నేలలది.

ఖర్చు ఎందుకు అంతగా పెరుగుతుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక పిల్లరు గుంత పొడవు, వెడల్పు, లోతు తలా 5 అడుగులైతే తవ్వాల్సిన మట్టి 125 ఘనపుటడుగులు. గట్టి నేల కోసం 9 అడుగులకు దిగాల్సి వచ్చిందనుకుందాం. లోతు రెట్టింపు కూడా కాలేదు. కానీ అంత లోతులో మనుషులు నిలబడి పనిచేయడానికి, పక్కలకు ఆనుడు చెక్కలు బిగించడానికి గుంతను 7 అడుగుల వెడల్పున తీస్తే 7 × 7 × 9 = 441 ఘనపుటడుగులు. అంటే మూడున్నర రెట్లు. 12 పిల్లర్లకు 1,500 కావాల్సింది 5,292 అవుతుంది. తవ్విన మట్టి వదులై నాలుగో వంతు పెరిగిందనుకుంటే సుమారు 6,600. ట్రాక్టరు ట్రిప్పుకు 100 చొప్పున 66 ట్రిప్పులు. ఆనుడు చెక్కల ఖర్చు చూసి వాటిని మానేసేవారూ ఉన్నారు. మీటరున్నర లోతు దాటిన గుంతకు పక్కలు విరిగిపడకుండా ఆధారం ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఒక ఘనమీటరు మట్టి బరువు టన్నున్నరకు పైనే. అది మీద పడితే మనిషికి ఊపిరి ఆడదు. తగ్గించుకోకూడని ఖర్చు ఏదైనా ఉంటే అది ఇదే.

నేల ఉబ్బితే...

నల్లరేగడిలో ప్రధానంగా ఉండే బంకమన్ను ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్. దీని కణాలు పేక ముక్కల కట్టలా పలుచని పొరలతో ఉంటాయి. ఒక్కో పొర మందం దాదాపు ఒక నానోమీటరు. పొరల మధ్య బంధం బలహీనం కాబట్టి నీరు సులువుగా చొరబడి వాటిని ఎడం చేస్తుంది. ఒక్క గ్రాము మాంట్‌మొరిల్లొనైట్‌లోని పొరలన్నీ విప్పి పరిస్తే సుమారు 800 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. కుండలకు, పింగాణీకి వాడే కేయొలినైట్ మట్టిలో ఇది పాతిక చదరపు మీటర్లు కూడా ఉండదు. వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కాలు దిగబడేంత నెర్రెలు విచ్చే గుణం పత్తికి వరమైంది, గోడకు శాపమైంది.

ఇక్కడ చాలామందికి తలకిందులుగా తోచే విషయం ఒకటుంది. నల్లరేగడిలో ఎక్కువగా పగిలేది పెద్ద భవనం కాదు, చిన్న ఇల్లు. నాలుగంతస్తుల బరువు ఉబ్బే మట్టిని కొంతవరకు అణచి ఉంచుతుంది. ఒంటి అంతస్తు ఇంటి బరువుకు ఆ శక్తి ఉండదు. మట్టే ఇంటిని పైకెత్తుతుంది. అదీ అంతటా సమానంగా ఎత్తదు. ఇంటి నడిమధ్యన గచ్చు కింద తేమ ఆవిరి కాకుండా నిలిచిపోతుంది, అంచుల్లో ఎండకు ఆరిపోతుంది. గోడ పక్కనే ఉన్న చెట్టు వేళ్లు ఆ ఆరుదలను ఇంకా పెంచుతాయి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే బీటలకు తరచుగా మూలం ఇదే.

మట్టి ఎంత ఉబ్బుతుందో తేల్చే పరీక్ష చాలా చవక. ఆరబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని పదేసి గ్రాములు రెండు కొలపాత్రల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్ పొరల మధ్య చేరి వాటిని విడదీయలేదు కాబట్టి అక్కడ మట్టి ఉబ్బదు. కిరోసిన్‌లో 12 మిల్లీలీటర్లున్న మట్టి నీటిలో 24కు చేరితే ఉబ్బు 100 శాతం. 50 శాతం లోపైతే ప్రమాదం తక్కువ. 100 దాటితే పునాది రకాన్నే మార్చుకోవాలి.

అలాంటి నేలలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన పద్ధతి అండర్ రీమ్డ్ పైల్. సన్నని బోరు తవ్వి, అడుగున దాన్ని గడ్డలా వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. గడ్డ వ్యాసం సాధారణంగా కాడకు రెండున్నర రెట్లు. కాలాన్ని బట్టి తేమ మారే పైపొరను దాటి అది కిందికి దిగుతుంది. లోతైన నల్లరేగడిలో కనీసం 3.5 మీటర్లు ఉండాలన్నది ప్రమాణం. పైనున్న బీముకూ నేలకూ మధ్య ఖాళీ వదిలేస్తారు, మట్టి ఉబ్బినా బీమును తోయకుండా. భారీ గుంతలు అక్కర్లేదు కాబట్టి పైన చెప్పిన 66 ట్రిప్పుల్లో ఎక్కువ భాగం మిగులుతుంది.

పునాది కింద, గచ్చు కింద ఇసుక పోస్తే చాలని చాలాచోట్ల నమ్ముతారు. ఇసుక నీటిని ఆపదు సరికదా, పక్కల నుంచి వచ్చిన నీటిని నిలవబెట్టి కింది రేగడికి అందిస్తుంది. ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి పరిశోధనలు చూపిన దారి వేరు: ఉబ్బని, కానీ కొంత జిగి ఉన్న మట్టిని సుమారు మీటరు మందాన పొరలుగా దిమ్మిస చేయడం. చాలా ఊళ్లలో దొరికే మంచి మొరం ఈ పనికి సరిపోతుంది. తవ్వి తీసిన నల్లమట్టినే మళ్లీ గచ్చు కింద నింపడం మాత్రం ఏ లెక్కనా ఆదా కాదు.

బండ తగిలితే...

హైదరాబాదు పరిసరాల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పగుళ్ల వెంట నీరు దిగి రాయిని మొరంగా మారుస్తూ పోతే, మధ్యలో కరగని గుండ్లు మిగిలిపోతాయి. అందుకే ఒక మూల ఆరడుగులు మెత్తగా దిగిన గుంత, ఇంకో మూల రెండడుగులకే ఆగిపోతుంది. బోరులో తగిలింది అసలు బండా, లేక విడి గుండా అన్నది ఒక్క బోరుతో తేలదు. చిన్న ఇళ్లకు నడిమధ్యన ఒక పరీక్ష గుంత చాలని ప్రమాణాలు ఒప్పుకుంటాయి. ఇలాంటి నేలలో ఎదురెదురు మూలల్లోనూ చూడటం మేలు. పునాదిలో సగం బండ మీద, సగం మట్టి మీద కూర్చుంటే, మట్టి మీది సగమే కుంగి ఇల్లు రెండుగా చీలుతుంది.

ఇళ్ల మధ్య పేలుడు పదార్థాలు వాడటానికి వీలుండదు. జేసీబీకి తగిలించిన బ్రేకరుతో గంటల లెక్కన కొట్టించాలి, లేదా రాతికి రంధ్రాలు వేసి సున్నం ఆధారిత పొడిని నీటితో కలిపి నింపాలి. నీటితో కలిసిన సున్నం ఉబ్బి, కొన్ని గంటల్లో చప్పుడు లేకుండా రాయిని చీలుస్తుంది. రేగడి నేలలో ఇంటిని పగలగొట్టిన ఉబ్బే ఇక్కడ పనికొస్తుంది.

మట్టి పని కొలతలకు సంబంధించిన భారతీయ ప్రమాణం మెత్తని మట్టి, గట్టి మట్టి, మెత్తరాయి, పేలుడుతో తీసే గట్టిరాయి, పేలుడు వాడకూడని చోటి గట్టిరాయి అంటూ వేరువేరుగా కొలవమంటుంది. చదరపు అడుగుకు ఇంత అని కుదిరే ఇంటి ఒప్పందాల్లో ఈ విభజన తరచుగా కనిపించదు. "ఐదడుగుల వరకు" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆరో అడుగు నుంచి రేటెంత, రాయి పడితే రేటెంత, తీసిన మట్టి ఎవరు తరలించాలి, నీరు ఊరితే మోటారు ఎవరిది అన్నవి జేసీబీ రాకముందే కాగితం మీద ఉండాలి. పక్కింటివారి బోరు వేసినప్పుడు ఎన్ని అడుగులకు రాయి తగిలిందో, ఆ స్థలంలో ఒకప్పుడు చెరువో, పూడ్చిన బావో ఉండేదా అని ఊళ్లో పెద్దవాళ్లను అడగడానికి పైసా ఖర్చు లేదు.