డీజిలు బండికి పోయు యూరియా వేరు

వేకువనే కూరగాయల బుట్టలతో చిక్కడపల్లి మార్కెటుకు చేరు డీజిలు బండ్లలో కొన్నిటికి ఇప్పుడు రెండు మూతలు గలవు. ఒకటి డీజిలునకు, నీలిరంగుది యూరియా ద్రావణమునకు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి 6 నిబంధనలు వచ్చిన పిమ్మట ఇది విరివిగా వాడుకలోనికి వచ్చినది. "యూరియాయే గదా, ఇంటిలో బస్తా ఉన్నది" అని మీకు తోచవచ్చును. అట్లు చేయవలదు.

ఈ ద్రావణములో యూరియా 32.5 శాతము, తక్కినది ఖనిజములు తొలగించిన నీరు. పొగగొట్టపు వేడికి యూరియా అమ్మోనియాగా మారి, ఉత్ప్రేరకము మీద విషవాయువులైన నత్రజని ఆక్సైడులను నత్రజనిగాను, నీటి ఆవిరిగాను మార్చును. పొలములో పైపైన చల్లిన యూరియా అమ్మోనియాయై ఎగిరిపోయిన మనకు నష్టము. ఇచ్చట కావలసినదే అది! కాని ఎరువు యూరియాలో బైయురెట్ 1.5 శాతము వరకు ఉండవచ్చును; బండి ద్రావణములో 0.3 శాతము మించరాదు. ఎరువునకు వేపనూనె పూత కూడ గలదు. బోరునీటిలో సున్నపు లవణములుండును. వీటివలన పిచికారీ ముక్కు పూడుకొనిపోవును, ఖరీదైన ఉత్ప్రేరకము చెడును. పైగా రాయితీ యూరియాను సేద్యమునకు గాక వేరొకదానికి వాడుట నేరము.

బండిలోని కంప్యూటరు దీనిని ఎట్లు పసికట్టును? గొట్టములోని సెన్సారు బయటికి పోవు నత్రజని ఆక్సైడులను కొలుచును. చిమ్మిన ద్రావణమునకు అవి ఎంత తగ్గవలెనో కంప్యూటరునకు తెలియును. తగ్గనిచో ఆ లోపమును ఒక సంకేతసంఖ్యగా దాచుకొని, పసుపురంగు ఇంజను దీపము వెలిగించును. కొన్ని బండ్లలో తరువాత ఇంజను బలమును కూడ తగ్గించును.

బ్యాటరీ తీగ ఊడదీసి దీపము ఆర్పువారు కలరు. అందువలన సంఖ్య చెరిగిన చెరుగవచ్చును గాని లోపము పోదు. కంప్యూటరు పరీక్షలు మరల మొదలుపెట్టును. నారాయణగూడ, అశోక్ నగర్ వీధులలో ఆగి ఆగి పోవు బండికి గొట్టము చాలినంత వేడెక్కదు. సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు రానిదే ద్రావణము సరిగా పనిచేయదు, పరీక్షయు ముగియదు. ఊరికి మరలునప్పుడు పెద్దరోడ్డు మీద వేడెక్కిన తరువాత దీపము మరల వెలుగును. కాలుష్య పరీక్షలో నెగ్గితిమని ధైర్యపడుటయు తగదు; అచ్చట డీజిలు బండికి చూచునది పొగ చిక్కదనము మాత్రమే.

పొరపాటున ఎరువు నీరు పోసినచో ఇంజను నడుపక, ట్యాంకు ఖాళీచేయించి కడిగించవలెను. దీపము వెలిగినచో మెకానిక్కుచేత ముందు సంఖ్య చదివించి, తరువాతనే మరమ్మతునకు ఒప్పుకొనుడు. ద్రావణమును సీలు ఊడని డబ్బాలో, తేదీ చూచి కొని, నీడలో ఉంచవలెను.